ఆ కోతికి దక్కిన పదకొండు రోజులు

పీణ్య రెండో స్టేజి, బెంగళూరు
29 జూన్ 1997, ఆదివారం

నా కంటి దీపం సత్యకు,

మీ నాన్న అంజినప్ప నవ్వు ముఖంతో రాస్తున్న ఉత్తరం. ఈ నవ్వు నిన్న మధ్యాహ్నం పోస్టుమ్యాన్ వచ్చినప్పుడు మొదలైంది, ఇంకా ఆగలేదు. పక్కింటి చౌడమ్మ అయితే అడిగేసింది, "ఏమన్నా, పంటినొప్పా, నోరు అట్ల తెరుచుకోనే ఉండావు?" అని. కడుపులో బిడ్డ కదిలిందని నువ్వు రాసిన ఆ ఒక్క వాక్యం నాకు నోటికి వచ్చేసింది తల్లీ. షెడ్డులో తొమ్మిదిమందికీ చదివి వినిపించాను. సేటు కూడా విన్నాడు. విననట్టు ఫైలు తిరగేశాడు కానీ విన్నాడు.

నిన్న అది వచ్చినప్పుడు నేను ఎప్పటిలాగే కంప్రెసర్ గోడ పక్కన కూర్చుని రాగిముద్ద తింటూ చదువుతూ ఉన్నాను. డ్రిల్లింగ్ మిషన్ చిన్నప్ప తెలుసు కదా, వాడి నోరు ఊరుకోదు. "ఆ గలాటాలో కూకోని అన్నమెట్ల తింటావప్పా నువ్వు? ఉన్న చెవుడు సాలదా?" అన్నాడు. తర్వాత ఉత్తరం సంగతి విని, "అంత చదువు చదివి కోతులెంట తిరగతా ఉండాదా నీ బిడ్డ? నువ్వు ఆంజనేయుని పేరు పెట్టుకుంటివి, ఆయమ్మ ఆయన సైన్యాన్ని లెక్కబెడతా ఉండాది. సరిపోయె!" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

నేను ఏడో తరగతి వాణ్ణి. నువ్వు రాసేవి రెండుసార్లు చదివితే గానీ ఎక్కవు. పుట్టిన బిడ్డ అరచేతిలో వేలు పెడితే ఎందుకంత గట్టిగా పట్టుకుంటుందో రాశావు. ఒకప్పుడు మనకూ ఒంటి నిండా బొచ్చు ఉండేదనీ, తల్లి కొమ్మ మీద నుంచి కొమ్మ మీదికి పోతుంటే బిడ్డ ఆ బొచ్చు పట్టుకుని వేలాడేదనీ, పట్టు తప్పితే చావేననీ. బొచ్చు పోయి లక్షల ఏళ్ళయినా చేతికి మాత్రం ఆ కబురు ఇంకా అందలేదనీ. ఇది చదివాక నేను తినడం ఆపేశాను. నువ్వు పుట్టిన రోజు నా ఎడమచేతి చూపుడువేలు పట్టుకున్నావు. విడిపించుకోవడానికి నాకు మనసు రాలేదు, మంత్రసాని తిట్టింది. ఆ వేలు నీ మూడో ఏట పవర్ ప్రెస్సు తినేసిందనుకో. వేలు పోయింది గానీ నువ్వు పట్టుకున్న పట్టు పోలేదు. చలి పెట్టినప్పుడు లేని వేలి మీద ఇప్పటికీ తెలుస్తుంది.

అందుకని ఒక పని మొదలుపెట్టాను. మనవడో మనవరాలో ఎవరైతేనేం, వాళ్ళకు పట్టుకోవడానికి ఇత్తడితో ఒక గిలక చేస్తున్నాను. లావు సరిగ్గా నా పోయిన వేలంత. కుడిచేతి వేలికి వెర్నియర్ పెట్టి కొలత తీశాను. లోపల బోలుగా తొలిచి ఏడు బేరింగు గుండ్లు వేస్తాను. ఊపితే గలగలమనాలి.

ఏడో నెలలో, ఆగస్టు పదిహేడు ఆదివారం, సీమంతానికి నేనూ చౌడమ్మా వస్తాం. మీ అమ్మ లేదని గాజుల్లో ఒక్కటి కూడా తక్కువ కానివ్వను. ఆ తర్వాత కాన్పుకు నిన్ను ఇక్కడికే తీసుకొచ్చేస్తాను. అల్లుడు గారికి నా నమస్కారం.

నేల మీద కాళ్ళు ఆనని
మీ నాన్న


గుండ్లుపేట
12 జులై 1997

నాన్నా,

నీ ఉత్తరం అచ్యుత్ పైకి చదివాడు. సేటు ఫైలు తిరగేసిన దగ్గర ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. కాలేజీలో పాఠం చెప్పి వచ్చి గొంతు పోయినా నీ ఉత్తరాలు తనే చదువుతానంటాడు.

నేను బాగున్నాను. పొద్దున్నే కొండ మీది గుడి దగ్గరికి జీపులో పోతున్నాను, ఎండ ముదరకముందే దిగొచ్చేస్తున్నాను. గుంపులో ఇప్పుడు ముప్పైనాలుగు కోతులు ఉన్నాయి. నా పుస్తకంలో వాటికి నంబర్లే గానీ పేర్లు ఉండకూడదు. అయినా ఒకదానికి పేరు పెట్టేశాను. ఎడమ చెవి సగం లేదు, అందుకని తెగినచెవి. దానికి మొదటి కాన్పు, మే నెలలో పిల్ల పుట్టింది. ఎలా ఎత్తుకోవాలో కూడా తెలియక మొదట్లో తలకిందులుగా పట్టుకునేది. ఇప్పుడు నేర్చుకుంది.

చలి వేసినా, భయం వేసినా మన రోమాలు నిక్కబొడుచుకుంటాయి కదా. కోతికి అలా అయితే బొచ్చు ఉబ్బి వెచ్చగా ఉంటుంది, శత్రువుకు పెద్దదిగా కనిపిస్తుంది. మనకు బొచ్చు లేదు. ఉబ్బడానికి ఏమీ లేకపోయినా ఒళ్ళు తన పని తాను చేస్తూనే ఉంది. ఏడుపు కూడా అంతే. మాట ఇంకా పుట్టని రోజుల్లో కూడా తప్పిపోయిన పిల్ల కూత ఒకటి ఉండేది. తల్లి ఎక్కడున్నా ఆ కూతకు తల తిప్పుతుంది. మాటలన్నీ దాని తర్వాత వచ్చినవే.

కానీ ఇలాంటివి నా పుస్తకంలో రాయకూడదు. 'దుఃఖం' 'ప్రేమ' అని రాస్తే మా ప్రొఫెసరు ఎర్ర సిరాతో కొట్టేస్తారు. చూసినది మాత్రమే రాయి, అనుకున్నది రాయకు అంటారు. అందుకే అనుకున్నవన్నీ నీకు రాస్తున్నాను.

ఒక మాట. నీకు అరవైమూడేళ్ళు. ఇంకా ఆ షెడ్డులో ఏముందని? ఎన్నిసార్లు అడిగినా మాట మార్చేస్తావు. బిడ్డ పుట్టాక నువ్వే వచ్చి మా దగ్గర ఉండు. ఈసారైనా సూటిగా జవాబు రాయి.

సత్య


పీణ్య
24 జులై 1997

ముద్దుల తల్లికి,

గిలక అయిపోయింది! మూడు రకాల ఎమరీ కాగితంతో రుద్దాను. చిన్నప్ప చేతిలో పెడితే వాడు నోరు మూసుకున్నాడు. వాడు నోరు మూసుకోవడం పీణ్యలో ఎవరూ చూసి ఉండరు. చివరికి, "చెన్నాగుండాది అన్నా" అన్నాడు. మొదటిసారి అన్నా అన్నాడు.

రోమాల సంగతి చదివినప్పటి నుంచీ మనుషుల చేతులే చూస్తున్నాను. మా షెడ్డులో పాత లేత్ ఒకటి ఉంది సత్యా, నాకంటే ముందే వచ్చింది. మూడుసార్లు రంగు వేశారు. మోటారు మార్చారు, చక్కు మార్చారు. అయినా చలికాలం పొద్దున్నే స్విచ్చి వేస్తే మొదటినాటి మూలుగే మూలుగుతుంది. మనిషి కూడా అంతేనేమో. పైన చొక్కా, చేతికి గడియారం, లోపల మటుకు ఆ పాత మిషనే. బస్సులో కాలు తొక్కితే పళ్ళు బయటపెడతాం. పిల్ల ఏడిస్తే ముక్కూ మొహం తెలియనివాళ్ళం కూడా తల తిప్పుతాం. నేను చెవిటివాణ్ణి, నేనూ తిప్పుతాను. ఇది నిజంగా ఆనందించాల్సిన సంగతి కాదా? ఎన్ని లక్షల ఏళ్ళ నుంచి ఒకరి పట్టు ఒకరు పట్టుకుని వస్తే నీ కడుపులోకి చేరింది ఆ బిడ్డ! అన్ని తరాల్లో ఏ ఒక్క బిడ్డ పట్టు వదిలినా ఈ గిలక చేసే పని నాకు ఉండేది కాదు.

గాజులు కొన్నాను. ఆకుపచ్చవి నాలుగు డజన్లు, ఎరుపు రెండు. చౌడమ్మ దుకాణంలో ఒక్కో గాజూ వెలుతురుకు పెట్టి చూసింది. దుకాణంవాడు విసుక్కుంటే, "నీ ఇంట్లో సీమంతం కాదప్పా ఇది, మా ఇంట్లో" అన్నది.

షెడ్డు మానే సంగతి మళ్ళీ మాట్లాడుకుందాం. పదిహేడున వస్తాను కదా.

తాత కాబోతున్న
అంజినప్ప


గుండ్లుపేట
14 ఆగస్టు 1997

నాన్నా,

అచ్యుత్ నీకు రాశానన్నాడు. అందే ఉంటుంది. ఆ మాటలన్నీ మళ్ళీ రాసే ఓపిక నాకు లేదు. నువ్వు కూడా ఇప్పుడు రావద్దు. ఎవరి ముఖం చూసినా కష్టంగా ఉంది, నీ ముఖం చూస్తే ఇంకా కష్టం.

నీ జులై ఉత్తరం ఆలస్యమై, ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు అందింది. గిలక అయిపోయిందన్న ఉత్తరం.

ఇంట్లో ఉండలేక మూడు రోజుల నుంచి కొండకు పోతున్నాను. జీపు డ్రైవరు శ్రీనివాసప్ప అక్కడికీ తిట్టాడు, "ఏమమ్మా, ఒళ్ళు ఇనుముతో చేసిందా నీది?" అని.

తెగినచెవి పిల్ల సోమవారం చచ్చిపోయింది. ఎలాగో నేను చూడలేదు. నేను పోయేసరికి తల్లి దాన్ని ఒక చేత్తో పొట్టకు అదిమి పట్టుకుని మూడు కాళ్ళ మీద నడుస్తోంది. ఈగలు వాలితే తోలుతోంది. అప్పుడప్పుడు దాని వేళ్ళు విప్పి తన బొచ్చులో పెట్టుకుంటోంది. అవి జారిపోతున్నాయి. మళ్ళీ పెట్టుకుంటోంది.

'మృత శిశువును మోసే ప్రవర్తన, నాలుగో రోజు' అని పుస్తకంలో రాశాను.

దాని గురించి ఏమనుకోవాలో తెలియడం లేదు. నువ్వు చెప్పు.

సత్య


పీణ్య
20 ఆగస్టు 1997

బంగారు సత్యకు,

అల్లుడి కార్డు అందింది. అంతా అర్థమైంది. నువ్వేమీ దిగులు పెట్టుకోకు. ఇవన్నీ ఆడవాళ్ళకు ఉండేవే తల్లీ, అందులోనూ మొదటిసారి. మీ అమ్మ పడలేదా? పది రోజులు గట్టిగా తిని పడుకుంటే అన్నీ మర్చిపోతావు. నాకు కొంచెం కష్టమనిపించిన మాట నిజమే, గాజులు పెట్టెలో పెట్టేశాను. అయినా నా సంతోషాన్ని ఎవరూ తగ్గించలేరు. ఇవాళ కాకపోతే రేపు. చౌడమ్మ కూడా అదే అంది, "వాయిదా పడిందే గానీ ఏడికీ పోల్యా కదన్నా" అని. గిలక కూడా గుడ్డలో చుట్టి భద్రంగా పెట్టాను, దాని వేళ వచ్చినప్పుడు తీస్తాను.

కానీ కొండ ఎక్కుతున్నావని చదివి కోపం వచ్చింది. నీ డ్రైవరు తిట్టింది చాలదు. ఆ కోతి సంగతీ నాకు నచ్చలేదు. ఇలాంటప్పుడు చూడాల్సిన దృశ్యమేనా అది?

ఏమనుకోవాలో చెప్పమన్నావు. చెబుతున్నాను. దాని చేతిలోంచి ఆ పిల్లను ఎవరో ఒకరు తీసేసుకోవాలి. అది ఏమరుపాటుగా ఉన్నప్పుడు మీ శ్రీనివాసప్పను పంపించి తెప్పించు. గుంట తీసి పూడ్పించు. ఎక్కడ పూడ్చారో దాని కంట పడకూడదు. రెండు రోజులు వెతుకుతుంది, అరుస్తుంది, మూడో రోజు మేతకు పోతుంది. చూస్తూ కూర్చుంటే దుఃఖం పెరుగుతుందే గానీ తగ్గదు. ఇలాంటి పని ఆడవాళ్ళ వల్ల కాదు, ఎవడో మగవాడు గుండె రాయి చేసుకుని చేయాలి. చేసినవాణ్ణి ఆ పూట తిట్టుకున్నా తర్వాత మంచికే చేశాడని తెలుస్తుంది. ఊరికే చెప్పడం లేదు, నేనూ ఒకసారి ఆ పని చేసినవాణ్ణే.

ఇక ఆ పాడు ఆలోచనలు వదిలెయ్యి. మనిషి ముందుకు చూడాలి. అందుకే కదా కళ్ళు ముందున్నాయి! ఇది కూడా నీ శాస్త్రంలో ఉందేమో చూడు.

నవ్వుతూ ఉండమని దీవిస్తూ
నాన్న


గుండ్లుపేట
29 ఆగస్టు 1997

నాన్నా,

పది రోజుల్లో మర్చిపోతానన్నావు. ఇవాళ్టికి ఇరవైనాలుగు రోజులు.

అచ్యుత్ రాసిన విషయమే అయినా నా చేత్తో మళ్ళీ రాస్తున్నాను. నీ ఉత్తరం చూస్తే నాకేదో జలుబు చేసి తగ్గినట్టుంది. ఆగస్టు ఐదున మైసూరు ఆస్పత్రిలో నా బిడ్డ చచ్చి పుట్టింది. అంతకుముందు రెండు రోజులుగా కదలడం లేదు. నేను కోతులను లెక్కపెట్టే మనిషిని, కడుపులోని కదలికలు లెక్కపెట్టుకోలేదు. మత్తు ఇచ్చారు. లేచి చూసేసరికి మంచం పక్కన స్టూలు మీద అచ్యుత్ కూర్చుని ఉన్నాడు. అతని గోళ్ళలో మట్టి ఉంది. అంతా అయిపోయిందన్నాడు.

ఎక్కడ అని అడిగాను. మర్చిపో అన్నాడు. ఆడపిల్లా మగపిల్లవాడా అని అడిగాను. తల తిప్పుకున్నాడు. నర్సును అడిగితే, "మలగమ్మా, ఈగ అదెల్లా బేడ" అంటూ పడుకోమంది, ఇప్పుడు అవన్నీ వద్దంది. ఇన్ని నెలలు నా ఒంట్లో ఉన్న మనిషి ఆడో మగో నాకు తెలియదు నాన్నా. ముక్కు ఎవరిదో తెలియదు. చేతులు మూసుకుని ఉన్నాయో తెరుచుకుని ఉన్నాయో తెలియదు. ఆ రోజు నుంచి అచ్యుత్‌తో మాట్లాడటం లేదు. అన్నం పెడుతున్నాను, అంతే.

నీకైనా అర్థమవుతుందనుకుని ఆ కోతి సంగతి రాశాను. నా సంగతి నోట రాక దాని సంగతి రాశాను. లాగేసి పూడ్చిపెట్టమని జవాబు ఇచ్చావు. ఎక్కడో కూడా తెలియనివ్వొద్దని. మగవాడు గుండె రాయి చేసుకోవాలని. అతను చేసింది మంచికేనని నువ్వు ఇంత సంతోషంగా ఎలా రాయగలిగావు?

తెగినచెవి కథ అయిపోయింది, విను. పదకొండు రోజులు మోసింది. పిల్ల ఎండి చర్మం ముక్కలా అయింది. అది వెనకబడినప్పుడల్లా గుంపు రెండు మూడు చెట్ల ముందు ఆగింది. ఆగింది అనే రాశాను పుస్తకంలో. దాని కోసం ఆగింది అని రాయలేదు, నీకు రాస్తున్నాను. ముప్పైమూడు కోతుల్లో ఒక్కటీ వచ్చి లాక్కోలేదు. గుంపుకు పెద్దదైన మగకోతి దగ్గరగా వచ్చి కూర్చుని వెళ్ళిపోయింది. పన్నెండో రోజు అది తనంతట తనే పిల్లను బండ మీద పెట్టి, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి వాసన చూసి, మళ్ళీ వెళ్ళింది. ఇక రాలేదు.

దానికి పదకొండు రోజులు దక్కాయి. నాకు ఒక్క పూట కూడా మిగల్చలేదు. మనం ఎదిగి సాధించింది ఇదేనా?

నువ్వు జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను.

సత్య


పీణ్య
3 సెప్టెంబరు 1997

సత్యా,

నాకు తెలియదు తల్లీ. నాకు తెలియదు.

అల్లుడి కార్డు ఇదిగో ఎదురుగా ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: 'సత్యకు ఒంట్లో బాగాలేదు. డాక్టరమ్మ విశ్రాంతి చెప్పింది. సీమంతం ఇప్పుడు వద్దు. మీరు బయలుదేరవద్దు. వివరాలు తర్వాత.' ఇంతే. వివరాలు అతని చేతికి రాలేదు. నీకు కళ్ళు తిరుగుతున్నాయనో, ఒళ్ళు వాచిందనో అనుకున్నాను. బిడ్డ ఉందనుకునే రాశాను. ఆ నవ్వులన్నీ ఉన్న బిడ్డ కోసం. నీ ఉత్తరం చదివాక నేను రాసింది గుర్తు చేసుకుంటే ఒక్కో ముక్కా లేత్ మీద నుంచి ఎగిరిన ఇనుప తునకలా నాకే గుచ్చుకుంది. ఏ ఉత్తరం ఎక్కడ పడిందో చూడు.

కానీ తెలియక రాశానని చెప్పి తప్పించుకోలేను. కోతి గురించి రాసింది తెలిసే రాశాను. అదే నీకు చెప్పాలి. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

నీకంటే ముందు మాకు ఒక కొడుకు. అరవైనాలుగులో. ఒకటిన్నర రోజు బతికాడు. మధ్యాహ్నం మీ అమ్మ వాణ్ణి పక్కలో వేసుకుని నిద్రపోయింది. చూస్తే వాడిలో ఊపిరి లేదు. మీ అమ్మకు ఇంకా తెలియదు. లేచి చూస్తే పిచ్చెత్తిపోతుందనుకున్నాను. నా తువ్వాలులో చుట్టి, వెనక వాకిలి నుంచి తీసుకుపోయి, రాగిచేని గట్టున నేరేడు చెట్టు దగ్గర పూడ్చాను. బావి వైపుకు పన్నెండు అడుగులు. తిరిగొచ్చేసరికి మీ అమ్మ ఎల్లమ్మ లేచి చాప మీద చేత్తో తడుముతూ ఉంది. "పిల్లోడు ఏడి?" అంది. నేను చెప్పాను. ఏడవలేదు. తడమడం మాత్రం ఆపలేదు.

ఆ తర్వాత ఏడాదికోసారి, రాగి కోతలప్పుడు అడిగేది. "యాడ పెట్టినావో చెప్పప్పా. నేనేం తవ్వి తీసుకుంటానా?" "మర్చిపోవే, యాడో పెట్టినా." ప్రతి ఏడాదీ ఇదే. నువ్వు పుట్టాక అడగడం మానేసింది. మర్చిపోయిందనుకున్నాను, మంచికే చేశాననుకున్నాను, నీకు రాసింది ఆ ధైర్యంతోనే. కానీ చివరి జబ్బులో, మాట పడిపోయాక, ఒకరోజు నా తువ్వాలు కొస పట్టుకుని నా ముఖం చూసింది. ఏమి అడుగుతోందో నాకు తెలుసు. తెలియనట్టు నీళ్ళు తాగించాను. ఎంత గట్టిగా పట్టుకుందో తెలుసా? విడిపించుకున్నాను సత్యా. నీ పట్టు విడిపించుకోలేకపోయానని గొప్పగా రాశానే, అదే మనిషిని.

నేరేడు చెట్టు ఎప్పుడో పోయింది. మన చేలన్నీ సర్కారు తీసుకుంటే చదును చేసి ఈ షెడ్లు కట్టారు. బావి మూత మటుకు మిగిలింది. దాన్నిబట్టి అడుగులు వేసుకుని చూశాను. మా షెడ్డులో కంప్రెసర్ గోడ లేదూ, దాని పక్కనే. అందుకే రాజాజీనగర్‌లో మంచి పని వదిలేసి ఇక్కడ చేరాను. ఇరవైరెండేళ్ళుగా అక్కడే కూర్చుని అన్నం తింటున్నాను. చిన్నప్ప ఎగతాళి చేస్తాడు, నవ్వేస్తాను. షెడ్డు ఎందుకు మానవని అడిగావు కదా, ఇదీ జవాబు. మీ అమ్మకు చెప్పకుండా నేను మాత్రం రోజూ వాడి దగ్గర కూర్చున్నాను. మోయనివ్వనిది ఆమెను. మోసింది నేను.

తోక పోయింది, బొచ్చు పోయింది అని నువ్వు రాస్తావు. ఇంకోటి కూడా పోయినట్టుంది. ఏడుస్తున్న మనిషి పక్కన ఊరికే కూర్చునే ఓర్పు. ఆ మగకోతికి ఉన్నది నాకు లేకపోయింది. దుఃఖాన్ని ఎత్తుకుపోతే దుఃఖం ఉండదనుకున్నాను.

నిన్న బూత్‌కు పోయి అల్లుడి కాలేజీకి ఫోను చేశాను. "నేనప్పా, అంజినప్పను" అన్నాను. అవతల ఏమన్నాడో సగం వినపడలేదు. "ఆమె చూసి తట్టుకోలేదనుకున్న్యా మామా" అన్నది వినపడింది. "నేనూ అట్లే అనుకుంటి నాయనా, ముప్పైమూడేండ్ల కిందట" అన్నాను. ఆ తర్వాత అతను ఏడ్చాడు. అది బాగా వినిపించింది. నువ్వు రాసింది నిజమే, ఏడుపుకు చెవుడు అడ్డం రాదు. అతను చూశాడు సత్యా. చేతుల్లో మోశాడు. ఒక్కడే మోస్తున్నాడు, నేను మోసినట్టే. అతని మీద కోపం తగ్గించుకోమని నేను చెప్పను. ఆ హక్కు నాకు లేదు.

ఆడపిల్లా మగపిల్లవాడా అని నేను అడగలేదు. అది నాకంటే ముందు నీకు తెలియాలి. "ఈ పొద్దే చెప్పు. ఏడుస్తాదని భయపడొద్దు. యాడ పెట్టినావో ఆడికి పిల్చుకోని పో. ఆమె ఎంతసేపు కూకుంటే అంతసేపు పక్కన కూకో, లేవమని అనొద్దు" అన్నాను.

నువ్వు రమ్మంటే వస్తాను. వద్దంటే ఇక్కడే ఉంటాను. గిలకను ఏం చేయాలో నువ్వే చెప్పు. కరిగించేయమంటే కరిగించేస్తాను.

నాన్న


గుండ్లుపేట
9 సెప్టెంబరు 1997

నాన్నా,

ఆడపిల్ల.

నీ ఉత్తరం రావడానికి మూడు రోజుల ముందే, నువ్వు ఫోను చేసిన సాయంత్రమే చెప్పాడు. వంటింటి గడప మీద కూర్చుని, నా వైపు చూడకుండా, మొత్తం చెప్పాడు. జుట్టు బాగా ఉందట. ముక్కు నాదట. కుడిచెయ్యి మూసుకుని ఉందట, వేలు పెట్టి చూశాడట. పట్టుకోలేదట.

ఆదివారం ఇద్దరం మైసూరు పోయాం. ఊరి బయట శ్మశానంలో, గోడ వారగా, తంగేడు పొద పక్కన. అతను కాటికాపరి ఇంట్లోంచి పార అడిగి తీసుకుని తానే తవ్వాడట ఆ రోజు. మూడు గంటలు కూర్చున్నాను. వాన పడింది. లేవమనలేదు. అతనూ తడిశాడు.

నీ మీద కోపం పోయిందని రాయలేను. అమ్మ చాప తడమడం నాకు గుర్తుంది నాన్నా. నేను పెద్దయ్యాక కూడా నిద్ర లేవగానే పక్కన చెయ్యి వేసి తడిమేది. నా కోసమే అనుకునేదాన్ని.

గిలక కరిగించొద్దు. వచ్చే ఆదివారం తీసుకుని రా, మైసూరు బస్టాండులో మేము ఉంటాం. అక్కడ మట్టి ఇంకా మెత్తగానే ఉంది. నువ్వే లోపల పెట్టు, నీ చేత్తో.

ఆ తర్వాత నేను నీతో పీణ్య వస్తాను. అమ్మ తొడుక్కున్న గాజులు ఇంకా ఉంటే బయటికి తీసి ఉంచు, వాడి దగ్గర పెడతాను. కంప్రెసర్ ఒక పూట ఆపమని సేటును అడుగు. అమ్మ అడిగిన చోటు నాకు చూపించు.

సత్య